మూడు మాత్రలకూ దిగని బీపీ: అడ్రినల్ గ్రంథి గుండెను దెబ్బతీస్తోందేమో ఎలా తేల్చుకోవాలి

మిర్యాలగూడ వైపు రైసుమిల్లులో లెక్కలు రాసే ఒకాయన, ఇంకా నలభై నిండలేదు, ఒకరోజు తెల్లవారుజామున మంచం దిగబోతే కాళ్లు కదల్లేదు. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుని బండి మాట్లాడుకుని నల్లగొండ తీసుకొచ్చారు. మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు, రెండు కాళ్లూ సమానంగా బలం తప్పాయి. రక్తంలో పొటాషియం చూస్తే 2.1 ఉంది. మూడున్నరకు తగ్గకూడదు. బీపీ 170/110. వెంట తెచ్చిన సంచిలో మూడు రకాల బీపీ మాత్రలు ఉన్నాయి. ఆరేళ్లలో ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. ఈ వయసులో ఇంత బీపీ ఎందుకొచ్చిందని అడిగినవారు మాత్రం లేరు. ఆ మూడో మాత్ర రాసిన చేయి నాదే కాబట్టి ఇందులో ఇంకొకరిని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఆయన జబ్బు గుండెలో పుట్టలేదు. ఎడమ మూత్రపిండం పైన ఉన్న అడ్రినల్ గ్రంథిలో, బఠాణీ గింజ కంటే కొంచెం పెద్ద గడ్డలో పుట్టింది. నాలుగో మాత్ర మొదలుపెట్టకముందే ఆ గ్రంథి సంగతి ఎలా అడగాలో, ఏ పరీక్షకు ఎలా సిద్ధం కావాలో చెబుతాను. మాత్రలు మార్చే పని మీ డాక్టరుదే. మీరు చేయాల్సిందల్లా సరైన ప్రశ్న, సరైన కాగితాలు పట్టుకుని ఆయన ముందు కూర్చోవడం.

ముందు నీరటి కథ

అడ్రినల్ గ్రంథులు రెండు. ఒక్కోటి నాలుగైదు గ్రాములకు మించదు. పై పొరలో ఆల్డోస్టిరోన్, కార్టిసాల్ తయారవుతాయి, లోపలి భాగంలో అడ్రినలిన్, నారడ్రినలిన్ తయారవుతాయి. వీటిలో ఏది మోతాదు మించినా దెబ్బ గుండెకే తగులుతుంది. దెబ్బ తగిలే తీరు మాత్రం ఒక్కోదానిది ఒక్కో రకం.

ఎక్కువమందిలో కనిపించేది ఆల్డోస్టిరోన్ కాబట్టి దాన్ని కొంచెం నిదానంగా చెప్పుకుందాం. ఊరి చెరువు తూము తీసి మూసే నీరటి ఎలాగో, ఒంట్లో ఉప్పూ నీళ్లకు ఆల్డోస్టిరోన్ అలాగ. నీళ్లు తగ్గినప్పుడు తూము మూయమని మూత్రపిండం నుంచి కబురు వెళుతుంది. ఆ కబురు పేరు రెనిన్. కబురు అందాక ఆల్డోస్టిరోన్ తూము మూసి సోడియాన్ని నిలుపుతుంది, బదులుగా పొటాషియాన్ని మూత్రంలోకి వదిలేస్తుంది. చెరువు నిండితే రెనిన్ ఆగిపోవాలి, నీరటి తూము తెరవాలి. జబ్బు వచ్చిన గ్రంథిలో నీరటికి ఎవరి కబురూ అక్కర్లేదు. చెరువు అలుగు పోస్తున్నా తూము మూసే కూర్చుంటాడు. అందుకే రక్తంలో రెనిన్ అడుగంటి, ఆల్డోస్టిరోన్ పైకి లేచి కనిపిస్తుంది. పరీక్ష అంతా ఈ రెండింటి పొత్తు కుదిరిందా లేదా అని చూడడమే.

మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరోమ్ కాన్ 1955లో ఈ జబ్బును (ప్రైమరీ ఆల్డోస్టిరోనిజం) లోకానికి వెల్లడించారు. ఆయన చూసిన 34 ఏళ్ల స్త్రీకి కూడా మా మిల్లు గుమాస్తా లాగే కండరాలు పట్టేయడం, ఉన్నట్టుండి కాళ్లు పడిపోవడం, పొటాషియం తగ్గడం ఉన్నాయి. దాంతో ఒక దురభిప్రాయం పాతుకుపోయింది: పొటాషియం తగ్గితేనే ఈ జబ్బు అని. నిజానికి ఈ జబ్బున్నవారిలో సగం కంటే ఎక్కువమందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. బీపీ ఉన్నవారందరిలో నూటికి ఐదు నుంచి పదిమందికి, మాత్రలకు లొంగని బీపీ ఉన్నవారిలో అయిదుగురిలో ఒకరికి ఇదే మూలం.

ఇక గుండె. పైకి చూస్తే బీపీ పెరిగి గుండె అలసిపోయిందనిపిస్తుంది. కథ అంతటితో ఆగదు. ఆల్డోస్టిరోన్ గుండె కండరంలోకి తానే దిగి, మెత్తగా ఉండాల్సిన చోట నారలాంటి మచ్చలు కట్టిస్తుంది. గుండె ఎడమ కింది గది (జఠరిక) గోడ మందమవుతుంది, పై గది సాగుతుంది, పొటాషియం తగ్గడంతో లయ కూడా చెడుతుంది. అంతే బీపీ ఉన్న మామూలు రోగులతో పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఈ జబ్బున్నవారిలో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ సుమారు మూడున్నర రెట్లు, పక్షవాతం రెండున్నర రెట్లు, గుండె వైఫల్యం రెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. బీపీ అంకె అందరిదీ ఒకటే. అందుకే అంకె దించితే పని అయిపోయిందనుకునే వైద్యం నాకు నచ్చదు.

మొదటి పని: బీపీ నిజంగానే లొంగడం లేదా?

ఇంట్లో వారం రోజులు చూడండి. పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. మూత్రానికి వెళ్లివచ్చి, వీపుకు ఆసరా ఉన్న కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చేయి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. అంతకు అరగంట ముందు నుంచి చాయ్, బీడీ రెండూ వద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. అది 135/85 దాటితే బీపీ ఎక్కువే. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. వేసవిలో పొలం నుంచి ఇంటికొచ్చి చెమట ఆరకముందే మెషిను కట్టుకునేవారి అంకెలు చూసి నేను చాలాసార్లు తలపట్టుకున్నాను.

మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అన్నది మీరే నిజాయతీగా చెప్పుకోవాలి. పండుగలకు, కూలి పనికి పుణె, ముంబై వెళ్లినప్పుడు మాత్రలు ఇంటి దగ్గరే మరిచిపోవడం పాలమూరు వైపు నుంచి వచ్చేవారిలో నేను తరచూ వినే మాట. నెలలో పది రోజులు ఖాళీ పడితే అది లొంగని బీపీ కాదు, వేసుకోని మాత్ర.

రెండో పని: సంచి గుమ్మరించండి

ఇది మన ప్రాంతానికి ముఖ్యం కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన తరం నల్లగొండ జిల్లాలో ఇంకా మన మధ్యే ఉంది. కృష్ణా నీళ్లు కుళాయిలోకి వచ్చినా, వంగిన నడుములు, పట్టేసిన మోకాళ్లు వెనక్కి రావు. ఆ నొప్పి కోసం డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజూ మింగేవారు ఎంతోమంది. ఆ మాత్రలు ఉప్పును నిలుపుతాయి, బీపీ పెంచుతాయి, బీపీ మాత్రల పనిని చెడగొడతాయి. ముందు వాటి సంగతి తేలకుండా అడ్రినల్ పరీక్షకు పరుగెత్తడం తొందరపాటే.

దానికంటే మోసకరమైనది ‘మంచి ఇంజెక్షన్’. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, మూడు రోజుల పొట్లం. నొప్పి మంత్రం వేసినట్టు తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, ముఖం నిగనిగలాడుతుంది. పొట్లం మీద పేరు ఉండదు. చాలాసార్లు అందులో ఉండేది డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ లాంటి స్టిరాయిడ్. అంటే కార్టిసాల్‌కు అన్నలాంటి మందు. అదే ఏడాదిపాటు వాడితే గ్రంథి అతిగా కార్టిసాల్ తయారుచేసినప్పుడు వచ్చే కుషింగ్ జబ్బు లక్షణాలే వస్తాయి. ప్రపంచంలో కుషింగ్ లక్షణాలకు అన్నిటికంటే పెద్ద కారణం గ్రంథిలోని గడ్డ కాదు, బయటి నుంచి వచ్చే ఈ మందులే.

కాబట్టి గత ఆరు నెలల్లో ఎక్కడ ఏ సూది వేయించుకున్నారో, ఏ పొట్లం తెచ్చుకున్నారో రాయండి. మిగిలిన మాత్రలు ఉంటే అవే తెండి. కానీ ఒక్క మాట: నెలల తరబడి వాడినవాటిని ఈ వ్యాసం చదివి ఒక్కసారిగా ఆపేయకండి. బయటి స్టిరాయిడ్‌కు అలవాటుపడిన సొంత గ్రంథి నిద్రపోయి ఉంటుంది. ఒక్కసారి ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, ప్రాణం మీదికి రావచ్చు. కొద్దికొద్దిగా తగ్గించాల్సిన పని అది, డాక్టరు చేత చేయించాలి.

సంచిలో అతిమధురం ఉందేమో కూడా చూడండి. గొంతు నొప్పికి, దగ్గుకు నమిలే ఆ తీపి వేరు, కషాయాల్లోనూ కలుస్తుంది. చాలాకాలం ఎక్కువగా వాడితే అచ్చం ఆల్డోస్టిరోన్ ఎక్కువైనట్టే బీపీ పెంచి పొటాషియం దించుతుంది. ఒకసారి ఇది తెలియక నేను ఒక పెద్దావిడను హైదరాబాద్ దాకా తిప్పాను. ఆవిడ కొంగున వేరు ముక్క కట్టుకుని వచ్చింది, నేను అడగలేదు.

మూడో పని: ఎవరు పరీక్ష అడగాలి

నీళ్ల మాత్రతో (మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్ర) సహా మూడు రకాలు వాడుతున్నా 140/90 దిగనివారు, నలభై లోపు బీపీ మొదలైనవారు, పొటాషియం తక్కువున్నవారు, గుండె లయ తప్పినవారు, ఇంట్లో చిన్న వయసులో పక్షవాతం వచ్చినవారు ఉన్నవారు, గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగేవారు తప్పకుండా అడగాలి. రాళ్ల నొప్పికి తీసిన స్కాన్‌లో ‘అడ్రినల్ గడ్డ’ అని రాసి ఉంటే బీపీ లేకపోయినా కార్టిసాల్, అడ్రినలిన్ పరీక్షలు చేయించుకోవాలి, ఉంటే ఆల్డోస్టిరోన్ కూడా. పొట్ట సీటీ స్కాన్‌లలో నూటికి నాలుగైదింటిలో ఇలాంటి గడ్డ అనుకోకుండా బయటపడుతుంది. ఎక్కువ భాగం ఏ హాని చేయనివే, ఆ మాటకు భయపడక్కర్లేదు. 2025లో వచ్చిన అమెరికా ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు బీపీ ఉన్నవారందరికీ ఒకసారి ఆల్డోస్టిరోన్ పరీక్ష చేయడం మంచిదని అంటున్నాయి. మన జిల్లాల్లో ఆ స్థాయికి ఇంకా దూరమే అయినా, పై జాబితాలో మీరుంటే అడగడానికి మొహమాటపడకండి.

నాలుగో పని: ఆల్డోస్టిరోన్, రెనిన్ పరీక్ష

రెండింటినీ ఒకే రక్త నమూనాలో చూసి, ఆల్డోస్టిరోన్‌ను రెనిన్‌తో భాగించి నిష్పత్తి కడతారు. ఇందులో చిన్న చిన్న పొరపాట్లే ఫలితాన్ని తలకిందులు చేస్తాయి కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ముందుగా పొటాషియం సరిచేయించుకోవాలి. పొటాషియం తక్కువుంటే ఆల్డోస్టిరోన్ అసలు ఉన్నదానికంటే తక్కువగా కనిపించి జబ్బు దాగుతుంది. పొటాషియానికి రక్తం ఇచ్చేటప్పుడు పిడికిలి పదేపదే మూసి తెరవకండి, అంకె ఉత్తుత్తిగా పెరుగుతుంది. రక్తనాళం దొరకడం కోసం అలా చేయమని ల్యాబ్‌లో చెప్పినా మెల్లగా వద్దనండి.

తరువాత ఉప్పు. బీపీ ఉందని ఉప్పు మానేసినవారు పరీక్షకు ముందు కొన్నాళ్లు మామూలుగా తినాలి. ఉప్పు లేకుంటే రెనిన్ సహజంగానే పెరిగి నిష్పత్తి పడిపోతుంది. జీవితంలో బీపీ డాక్టరు ఉప్పు తినమనే సందర్భం ఇదొకటి, ఇంకొకటి చివర్లో వస్తుంది.

ఆల్డోస్టిరోన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్, ఎప్లెరెనోన్ వాడుతుంటే నాలుగు వారాల ముందు ఆపమనడం పాత పద్ధతి. అది డాక్టరు చెబితేనే. అటెనోలోల్, మెటోప్రొలాల్ రెనిన్‌ను దించి లేని జబ్బును చూపించవచ్చు. టెల్మిసార్టాన్, నీళ్ల మాత్రలు రెనిన్‌ను పెంచి ఉన్న జబ్బును దాచవచ్చు. బీపీ ప్రమాదకరంగా ఉన్నవారిలో మాత్రలు ఆపడం ఆడుకునే పని కాదు, కాబట్టి చాలామంది డాక్టర్లు ఇప్పుడు మందుల మీదే మొదటి పరీక్ష చేసి, వాటిని దృష్టిలో పెట్టుకుని చదువుతారు. ఒక చిట్కా గుర్తుంచుకోండి: టెల్మిసార్టాన్ వేసుకుంటూ కూడా రెనిన్ అడుగంటి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

రక్తం పొద్దున ఇవ్వాలి, మంచం దిగి కనీసం రెండు గంటలు గడిచాక, ఐదు నుంచి పదిహేను నిమిషాలు కూర్చుని. పరగడుపు అవసరం లేదు. దేవరకొండ నుంచి మొదటి బస్సెక్కి హైదరాబాద్ చేరేవారికి ఈ నియమం దానంతట అదే తీరిపోతుంది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో రక్తం ఇచ్చి నమూనా హైదరాబాద్ పంపేవారు ఒక ప్రశ్న వేయాలి: ప్లాస్మా (కణాలు తీసేస్తే మిగిలే రక్తద్రవం) ఇక్కడే వేరుచేస్తారా? వేరుచేయని రక్తాన్ని ఐసు డబ్బాలో పెట్టి పంపితే చలికి రెనిన్ ఉత్తుత్తిగా పెరుగుతుంది, నిష్పత్తి పడిపోతుంది, జబ్బు లేదని రిపోర్టు వస్తుంది. ఐసులో పెడితే నాణ్యత పెరుగుతుందనుకునే ల్యాబ్ కుర్రవాడిని తప్పుపట్టలేం, అన్ని పరీక్షలకూ వాడు అదే చేస్తాడు.

రిపోర్టు చేతికొచ్చాక ఇంటర్నెట్‌లో అంకెలతో పోల్చుకోకండి. ప్రతి ల్యాబ్ కొలమానం వేరు, ఒకచోట ముప్ఫై ఎక్కువ, ఇంకోచోట అదే ముప్ఫై మామూలు.

అనుమానం నిలిస్తే తరువాతి మెట్టు హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రినాలజీ విభాగం. నిమ్స్‌లో, ఉస్మానియాలో ఆ విభాగాలున్నాయి. భువనగిరి వైపువారు బీబీనగర్ ఎయిమ్స్‌లో వాకబు చేయవచ్చు. అక్కడ రెండు లీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించి, అంత నీళ్లు పోసినా నీరటి తూము తెరుస్తాడా లేదా చూస్తారు. గుండె బలహీనంగా ఉన్నవారికి ఈ పరీక్ష ప్రమాదం, కాబట్టి ఎకో (గుండె స్కాన్) రిపోర్టు ముందే చూపించండి. ఆ తరువాత సీటీ, అవసరమైతే తొడ దగ్గరి సిర గుండా సన్నని గొట్టం పంపి రెండు గ్రంథుల నుంచి విడివిడిగా రక్తం తీసే పరీక్ష. అదెందుకంటే సీటీలో కనిపించే గడ్డ ఒక వైపు, హార్మోను పోసేది రెండో వైపు కావచ్చు. తప్పు గ్రంథి తీస్తే తిరిగి పెట్టలేం.

కార్టిసాల్ అనుమానం ఉంటే

ముఖం గుండ్రమవడం, మెడ వెనుక కొవ్వు పేరుకోవడం, చేతులూ కాళ్లూ సన్నబడి పొట్ట పెరగడం అందరూ చెప్పేవే. నేను ఎక్కువ నమ్మేవి వేరు: పొట్ట మీద వేలి వెడల్పు ఊదారంగు చారలు, ఏమీ తగలకుండానే కమిలే చర్మం, నేల మీద కూర్చుంటే చేతి ఆసరా లేకుండా లేవలేకపోవడం. బతుకమ్మ పేర్చడానికి కూర్చున్న ఆవిడ లేవలేక కోడలి చేయి పట్టుకుంటే వయసు మీదపడిందనుకున్నారు, ఆవిడకు నలభై రెండేళ్లే. కార్టిసాల్ బీపీతో పాటు చక్కెర, కొలెస్ట్రాల్ పెంచుతుంది, రక్తం గడ్డకట్టే గుణాన్నీ పెంచుతుంది, గుండెకు నాలుగు వైపుల నుంచి దాడి. పరీక్ష సులువు: రాత్రి పదకొండుకు డెక్సామెథాసోన్ 1 మిల్లీగ్రాము మింగి, పొద్దున ఎనిమిదికి రక్తంలో కార్టిసాల్ చూస్తారు. డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు మించితే ఇంకా లోతుగా వెతకాలి. పొట్లాల స్టిరాయిడ్ వాడుతూ ఈ పరీక్ష చేయించుకుంటే ఫలితానికి అర్థం ఉండదు.

అడ్రినలిన్ అనుమానం ఉంటే

అడ్రినలిన్‌ను అతిగా పోసే గడ్డ అరుదు, బీపీ ఉన్నవారిలో నూటికి ఒకరు కూడా ఉండరు. కానీ అన్నిటికంటే దుడుకైనది. తలనొప్పి, చెమటలు, గుండె దడ మూడూ కలిసి అలలా వచ్చి, కొన్ని నిమిషాలకో గంటకో పోతాయి. ముఖం పాలిపోతుంది. ఊళ్లో గాలి సోకిందంటారు, పట్నంలో టెన్షన్ అంటారు, ముఖ్యంగా రోగి స్త్రీ అయితే. అల వచ్చినప్పుడే బీపీ చూసి రాసిపెట్టండి, ఆ ఒక్క అంకె పది సందర్శనల కంటే విలువైనది. అడ్రినలిన్ వరద గుండె కండరాన్ని కొద్ది గంటల్లోనే మొద్దుబార్చగలదు. గుండెపోటులా కనిపించి, యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నవారిలో ఈ గడ్డ బయటపడిన సందర్భాలున్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ లాంటి మాత్ర ఒక్కటే వేస్తే, ఈ జబ్బులో బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. ముందు రక్తనాళాలను వదులుచేసే ఆల్ఫా బ్లాకర్ మందు, ఆ తరువాతే దడ మాత్ర. అనుమానం ఉన్నంతకాలం మెడికల్ షాపులో అడిగి దడ మాత్ర, జలుబు మాత్ర, వాంతుల సూది ఏదీ తీసుకోవద్దు. పన్ను పీకించుకోవాలన్నా డాక్టరుకు ముందే చెప్పండి.

పరీక్ష రక్తంలో మెటానెఫ్రిన్లు (అడ్రినలిన్ విరిగితే వచ్చే పదార్థాలు), అరగంట వెల్లకిలా పడుకున్నాక తీసినవి. లేదా ఇరవైనాలుగు గంటల మూత్రం. దీనికి ల్యాబ్‌వాళ్లు ఇచ్చే డబ్బాలో అడుగున కొంచెం ఆమ్లం ఉంటుంది, అది కడిగి పారబోయకండి, నేరుగా అందులో పోయకండి. మగ్గులో పట్టి నెమ్మదిగా వంపండి. పొద్దున లేచి మొదటి మూత్రం పారబోసి టైము రాసుకోండి. అప్పటి నుంచి మరునాడు అదే టైముకు వచ్చే మొదటి మూత్రం దాకా ప్రతి చుక్కా డబ్బాలోకే. పొలానికి, పెళ్లికి పోని రోజు ఎంచుకోండి. అచ్చంపేట నుంచి మహబూబ్‌నగర్‌కు ఆ డబ్బాను బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చిన ఒక తాత, కండక్టర్ నెయ్యా అని అడిగితే ఔనన్నాడట.

గుండె సంగతి మరువకండి

హార్మోను ఏదైనా తేలితే ఈసీజీ, ఎకో రెండూ తీయించండి. ఎకోలో గోడ మందం, ఎడమ పై గది పరిమాణం రాయించుకోండి, ఏడాది తరువాత పోల్చడానికి అవే పనికొస్తాయి. రోజూ మణికట్టు దగ్గర నాడి పట్టి చూడడం నేర్చుకోండి. లెక్కలేకుండా ఎగుడుదిగుడుగా కొట్టుకుంటే అదే రోజు ఈసీజీ. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఒక వైపు చేయి పడిపోవడం అయితే ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోను చేయండి.

తేలాక

ఒక వైపు గ్రంథిదే తప్పయితే లాప్రోస్కోపీలో తీసేస్తారు. రెండు వైపులా అయితే స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్ర జీవితాంతం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలతో పాటు. ఈ మాత్రతో కొందరు మగవారికి రొమ్ములు వాచి నొప్పి పుడుతుంది, సిగ్గుపడి మాత్ర మానేయకుండా చెబితే బదులు మందు ఉంది. ఆరోగ్యశ్రీ కింద ఏమి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర అడ్మిట్ కాకముందే తేల్చుకోండి.

మా మిల్లు గుమాస్తాకు ఎడమ గ్రంథి తీశారు. ఇంటికి పంపేటప్పుడు ఉప్పు మామూలుగా, అవసరమైతే కొంచెం ఎక్కువే తినమన్నారు. మిగిలిన గ్రంథి ఇన్నాళ్లూ అణిగి ఉండి ఇంకా లేవలేదు, ఉప్పు లేకపోతే పొటాషియం ఎదురు తిరిగి పెరుగుతుంది. ఆయన భార్య నమ్మలేదు. ఆరేళ్లు ఉప్పు లేని కూరలు వండి, ఇప్పుడు మామిడికాయ తొక్కు పెట్టమంటారా అని నాకు ఫోను చేసింది. పెట్టమ్మా అన్నాను, నాలుగు వారాలు, వారానికోసారి పొటాషియం చూపించుకుంటూ.